అడుగున ముద్ర లేని తూటా: ఏ దేశానిదో చెప్పగలమా?

ఫోరెన్సిక్ అమ్మాయి

మా క్లాసులో మొన్న దీని మీద గంటసేపు వాదన జరిగింది, ఇక్కడ తేల్చుకుందామని పెడుతున్నాను. సైన్యాల కోసం చేసే రైఫిల్ తూటా అడుగున చిన్న అక్షరాలో అంకెలో కొట్టి ఉంటాయి, దాన్నే హెడ్‌స్టాంప్ అంటారు. సోవియట్ వాళ్లయితే ఒక్కో ఊరి ఫ్యాక్టరీకి ఒక అంకె కొట్టేవాళ్లు: 539 అంటే తూలా, 17 అంటే బర్నాల్, 60 అంటే ఫ్రుంజే. ఆ ఫ్యాక్టరీ కోడే లేకపోతే ఇక చెప్పడానికి ఏమీ లేదన్నది నా వాదన. ఏకే-47లో వాడే 7.62×39 తూటాని ఎన్నో దేశాలు సోవియట్ నమూనా చూసి చేశాయి. కేసు (బుల్లెట్ వెనక మందు ఉండే లోహపు గొట్టం) రంగు చూసి "ఇది ఫలానా దేశం సరుకు" అనడం ఊహే. కాదనేవాళ్లు ఆధారం చూపించండి.

కోత్ హవల్దార్ (రిటైర్డ్)

అమ్మా, నేను తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చాలా ఏళ్లు కోత్‌లో, అంటే యూనిట్ ఆయుధాల గదిలో, ఉన్నాను. ఫైరింగ్ అయ్యాక ఖాళీ కేసులు లెక్కపెట్టి అప్పగించాలి కదా, ఎన్‌సీసీ పిల్లల .303 కేసులు గోనె పట్టా మీద పోసుకుని వేలకు వేలు చూశాను. వాటి మీద ఖడ్కీ ఫ్యాక్టరీ కె.ఎఫ్. ముద్ర ఉంటుంది, నిజమే. కానీ కొన్నాళ్లు పోయాక ముద్ర చదవకుండానే ఏది ఏ లాట్‌దో చేతికి తెలిసిపోతుంది. ప్రైమర్ (అడుగు మధ్యలో మందు అంటించే చిన్న బిళ్ల) చుట్టూ పూసిన లక్క రంగు, మూతి దగ్గర బుల్లెట్‌ని నొక్కి బిగించిన తీరు, కేసు ఇత్తడా, లక్క పూసిన ఉక్కా, రాగి పూత ఉక్కా, ఇవన్నీ మాట్లాడతాయి. ఖాళీ కేసులోకి టార్చ్ వేసి చూడు. అడుగున రెండు సన్న రంధ్రాలుంటే బెర్డాన్ ప్రైమర్, నడిమధ్య ఒక్కటే ఉంటే బాక్సర్, ప్రైమర్లలో ఇవి రెండు రకాలు. అడుగున ముద్ర లేనంత మాత్రాన తూటా మూగది కాదు.

ఫోరెన్సిక్ అమ్మాయి

హవల్దార్ గారూ, మీ అనుభవాన్ని కాదనను. కానీ మీరు చూసినవి ఎక్కడివో మీకు ముందే తెలుసు. బెర్డాన్ అన్నంత మాత్రాన దేశం తేలదు, సగం ప్రపంచం సైన్యాలు అదే వాడాయి. అయస్కాంతానికి అతుక్కుంటే లోపల ఉక్కు ఉందని తెలుస్తుంది, అంతే. అసలు ఎక్కడిదో తెలియని తూటాని ఎవరైనా తేల్చారా?

పాత కాగితాలు

తేల్చారు. 2006లో కెన్యా, ఉగాండా, ఇప్పటి దక్షిణ సూడాన్ ప్రాంతాల్లో తూటాలు పరిశీలిస్తున్న ఒక బ్రిటిష్ పరిశోధకుడికి ఫ్యాక్టరీ కోడ్ లేని కలాష్నికోవ్ (ఏకే-47 రకం రైఫిల్) తూటాలు కనిపించాయి, అంతకుముందు ఎక్కడా చూడనివి. తర్వాత అలాంటివే సూడాన్‌లోని డార్ఫూర్‌లో దొరికాయి. 2009 సెప్టెంబరులో గినీ రాజధాని కొనాక్రీ స్టేడియంలో సైనికులు జనం మీద కాల్పులు జరిపి 150 మందికి పైగా చంపేశారే, అక్కడా దొరికాయి. ఆ స్టేడియం గురించి చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది, అందుకే దీన్ని ఉత్తి పజిల్‌లా చూడలేను. పరిశోధకులు ఏళ్ల తరబడి ఫొటోలు, నమూనాలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి పోల్చారు. 2010 అక్టోబరులో నైజీరియా, లాగోస్‌లోని అపాపా రేవులో ఇరాన్ నుంచి వచ్చిన 13 కంటెయినర్లు పట్టుకుంది. కట్టడాల సామాను అని రాసి ఉంది, తెరిస్తే ఆయుధాలు. వాటిలో ఉన్న రైఫిల్ తూటాలు ఇన్నాళ్లూ వెతుకుతున్న రకమే. ఆఫ్రికాలో ఎవరూ మొదట ఇరాన్‌ని అనుకోలేదు. 2012లో, యుద్ధాల్లోని ఆయుధాలు ఎక్కడివో ఆరా తీసే కాన్‌ఫ్లిక్ట్ ఆర్మమెంట్ రీసెర్చ్ అనే సంస్థ ఇదంతా నివేదికగా బయటపెట్టింది.

ఫోరెన్సిక్ అమ్మాయి

అంటే తేల్చింది కంటెయినరే కదా! రవాణా కాగితాలు, పెట్టెలు. తూటా కాదు.

పాత కాగితాలు

రెండూ కలిస్తేనే తేలింది. తూటాలు ఒకదానితో ఒకటి సరిపోలకపోతే లాగోస్ పెట్టెకీ కొనాక్రీ స్టేడియానికీ సంబంధం ఎలా కలుపుతారు? తూటా చెప్పేది "మేమంతా ఒకే చోట పుట్టాం" అని. ఆ చోటు పేరు చెప్పేది పెట్టె. ఇక ముద్ర ఉంటే చాలని నువ్వు నమ్ముతున్నావు చూడు, అదే నాకు భయం. వియత్నాంలో అమెరికా వాళ్లు ఎల్డెస్ట్ సన్ అనే రహస్య ఆపరేషన్‌లో, అచ్చం చైనా తూటాల్లా కనిపించేవాటిలో పేలుడు మందు కూరి శత్రువు నిల్వల్లో కలిపేశారు. కాల్చినవాడి చేతిలోనే రైఫిల్ పేలాలని. అడుగు చూసి నమ్మినవాడి గతి అదీ.

కోత్ హవల్దార్ (రిటైర్డ్)

ఇంకొకటి కూడా కలపండి. చేసినవాడు వేరు, పంపినవాడు వేరు. అవసరానికి మించి మిగిలిన సరుకు ఒక సైన్యం గోదాములోంచి దళారీకి, అక్కడి నుంచి ఇంకో దేశానికి పోతుంది. ఇరాన్‌లో తయారైందని తేలినా, తిరుగుబాటుదార్ల చేతికి ఇరానే ఇచ్చిందని తేలినట్టు కాదు.

ఫోరెన్సిక్ అమ్మాయి

ఇది ఒప్పుకుంటాను, ఆ నివేదిక రాసినవాళ్లూ ఆ మాట అనలేదు. అయితే నా రిపోర్టులో మూడు వాక్యాలు విడివిడిగా రాస్తాను: ఈ నమూనాలు ఒకే తయారీవి, తయారీ ఫలానా దేశంలో అనడానికి ఆధారం ఇది, ఇక్కడికి ఎవరు చేర్చారో తూటా చెప్పదు. కానీ ఒక్క తూటా తెచ్చి బల్ల మీద పెట్టి, పోల్చడానికి ఇంకేమీ లేకుండా దేశం పేరు చెప్పమంటే మాత్రం చెప్పను. హవల్దార్ గారూ, మీరైనా చెప్పకండి.

కోత్ హవల్దార్ (రిటైర్డ్)

చెప్పనులే అమ్మా. పక్కన పెట్టి చూడ్డానికి రెండోది తెమ్మంటాను.