కోతలు అయిపోయాక హార్వెస్టర్‌ను వారం వారం స్టార్ట్ చేయాలా, వద్దా?

హాలియా రైతు:
యాసంగి కోతలు అయిపోయాయి. మా చైన్ మిషన్ (టైర్ల బదులు ట్రాక్ మీద నడిచే హార్వెస్టర్) ఇక అక్టోబర్‌లో వానాకాలం వరి కోతకు వచ్చేదాకా షెడ్డులోనే. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచాలని, లేకపోతే ఇంజిన్ పట్టేస్తుందని డ్రైవర్ అంటున్నాడు. మెకానిక్ మాత్రం బ్యాటరీ విప్పేసి షెడ్డుకు తాళం వేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి? డీజిల్ ట్యాంకు నింపి పెట్టాలా, ఖాళీ చేయాలా?

నకిరేకల్ ట్రాక్టర్:
డ్రైవర్ చెప్పిందే కరెక్ట్ అన్నా. కదలని మిషన్ పాడవుతుంది, సీళ్లు ఎండిపోతాయి. వారానికోసారి దగ్గరికి పోతే ఆయిల్ కారుతోందా, ఎలుకలు చేరాయా అన్నది కూడా కళ్లబడుతుంది.

మిర్యాలగూడ మిషన్:
తమ్ముడూ, వారం వారం పోయి చూడటం మంచిదే. స్టార్ట్ చేయడమే వద్దంటాను. పది నిమిషాల ఐడిల్‌కు ఇంజిన్ ఆయిల్ సరిగా వేడెక్కదు. డీజిల్ మండితే పుట్టే నీటి ఆవిరి ఆ చల్లని ఇంజిన్‌లోనే నీరుగా మారి ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నిలుస్తుంది. పొలంలో గంటల తరబడి నడిచినప్పుడు ఆ తడి ఎగిరిపోతుంది, ఇట్లా నడిపితే పోదు. పైగా వారం వారం కొంత చేరుతుంది. బ్యాటరీకీ పెద్ద లాభం లేదు. సెల్ఫ్‌కు ఖర్చయినంత తిరిగి ఎక్కుతుందేమో కానీ, అప్పటికే దిగిన చార్జి ఐడిల్‌లో నిండదు.

బ్యాటరీ విప్పేయండి. ముందు మైనస్ వైరు తీయాలి, అప్పుడు పానా బాడీకి తగిలినా షార్ట్ కాదు. బిగించేటప్పుడు మైనస్ చివర. నిండుగా ఉంటే 12.6 వోల్టులు చూపిస్తుంది. నెలకోసారి చూసి, 12.4 కంటే తగ్గితే బ్యాటరీ షాపులో చార్జి పెట్టించండి.

మీ ఇద్దరూ అడగని సంగతి ఒకటుంది, నా లెక్కన అదే అన్నిటికంటే ముఖ్యం. మిషన్ లోపల మిగిలిన వడ్లు, తాలు, గడ్డి. గింజల్ని పైకి చేర్చే ఎలివేటర్ అడుగున, జల్లెడల మధ్య, గింజల ట్యాంకు మూలల్లో ఇవి తప్పకుండా ఉంటాయి. వాటి కోసం ఎలుక వస్తుంది, వచ్చింది వైరింగ్ కొరికి పెడుతుంది. వానాకాలంలో ఆ పొట్టు తేమ పీల్చి కిందున్న రేకును తుప్పు పట్టిస్తుంది. మూతలన్నీ తీసి కంప్రెసర్ గాలితో ఊదించండి. నీళ్లే కొట్టాల్సి వస్తే బేరింగుల మీద కొట్టకండి, గ్రీజు కొట్టుకుపోతుంది. కడిగిన రోజే కాసేపు నడిపి ఆరబెట్టి, కొత్త గ్రీజు ఎక్కించండి. లోపల తిరిగే ఇనుప చైన్లకు (కింది ట్రాక్‌కు కాదు) ఆయిల్ పూసి, బెల్టులు వదులు చేయండి.

డీజిల్ నింపే పెట్టండి. ట్యాంకు ఖాళీగా ఉంటే లోపలి గాలిలోని తేమ చల్లబడి అడుక్కు చేరుతుంది, నీళ్లున్న చోట డీజిల్‌లో పాకుడు పెరుగుతుంది.

నకిరేకల్ ట్రాక్టర్:
పొట్టు సంగతి ఒప్పుకుంటా. కానీ అయిదు నెలలు అసలు తిప్పకుండా ఉంచాలంటే నాకు టెన్షనే.

మిర్యాలగూడ మిషన్:
అయితే నెలకోసారి తిప్పు, కానీ పూర్తిగా తిప్పు. షెడ్డులో పొగ నిలిస్తే ప్రాణానికే ప్రమాదం, అందుకని బయటికి తీయి. టెంపరేచర్ ముల్లు మామూలు చోటికి వచ్చాక కూడా కొంతసేపు నడిపి, హైడ్రాలిక్స్ ఎత్తి దించి ఆపు. అంత తీరిక లేనినాడు తాళం చెవి ముట్టుకోకు.

దేవరకొండ, ఇప్పుడు మిషిగన్:
ఇక్కడ ట్రావెల్ ట్రైలర్లను, అంటే బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇళ్లను, చలికాలానికి ముందు ఇట్లాగే సర్ది పెడతారు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బి పైపులు పగులుతాయి. అందుకే నీళ్ల ట్యాంకులు, వాటర్ హీటర్ ఖాళీ చేసి, పైపుల్లోకి చలికి గడ్డకట్టకుండా కాపాడే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ ఎక్కిస్తారు. చార్జి దిగిన బ్యాటరీ కూడా గడ్డకడుతుంది కాబట్టి దాన్ని నిండుగా ఉంచుతారు. మన దగ్గర ఆ భయం లేదు కదా అని కూలెంట్ బదులు బోరు నీళ్లు పోసి వదిలేయకండి అన్నా. నల్గొండ నీళ్లకు రేడియేటర్‌లో ఉప్పు పేరుకుంటుంది, లోపల తుప్పు పడుతుంది.

హాలియా రైతు:
బ్యాటరీ విప్పుతున్నాను, రేపు పొట్టంతా గాలితో ఊదిస్తాను. బెల్టులు పూర్తిగా తీసేయాలా?

మిర్యాలగూడ మిషన్:
అక్కర్లేదు, బిగువు పోతే చాలు. బెల్టు బిగించే టెన్షనర్లలో ఏది ఎన్ని చుట్లు తిప్పారో కాగితం మీద రాసి స్టీరింగ్‌కు కట్టండి. అక్టోబర్‌లో డ్రైవర్ మారినా దాన్ని చూసి బిగిస్తాడు.