ఫేస్‌బుక్ నుంచి నొక్కితే వీడియో లింక్ వేరే సైటుకు పోతోంది, నేరుగా తెరిస్తే బాగానే ఉంది. ఎవరికైనా ఇలా అయిందా?

పద్యాలఅభిమాని_తెనాలి:
అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఆడే పౌరాణిక నాటకాల పద్యాలు రికార్డు చేసి యూట్యూబ్‌లో పెడుతుంటాం. వాటిని పాత్ర పేరుతో, కళాకారుల పేర్లతో వెతుక్కునేలా వర్డ్‌ప్రెస్‌లో (సైట్లు తయారుచేసుకునే సాఫ్ట్‌వేర్) ఒక చిన్న సైటు కూడా నడుపుతున్నాం. కొత్త వీడియో పెట్టినప్పుడల్లా ఆ సైటులోని పేజీ లింకే ఫేస్‌బుక్ గ్రూపులో వేస్తాం. కొన్నాళ్లుగా గ్రూపులో పెద్దవాళ్లు ఫోన్ చేసి "బాబూ, రాయబారం సీను అని నొక్కితే పేకాట పేజీ వస్తోందేమిటి" అని అడుగుతున్నారు. నేను కంప్యూటర్లో తెరిస్తే వీడియో చక్కగా ఆడుతోంది, నా ఫోన్లో అడ్రస్ టైప్ చేసినా అంతే. హోస్టింగ్ వాళ్లకు రాస్తే "మా వైపు అంతా సరిగానే ఉంది, మీ వాళ్ల ఫోన్లలో వైరస్ ఉందేమో" అని జవాబిచ్చారు. అంతమంది ఫోన్లలో ఒకేసారి వైరస్ ఎలా వస్తుంది? మా ప్రేక్షకుల్లో చాలామంది అరవై దాటినవాళ్లే, వాళ్లు అక్కడ ఏం నొక్కుతారో అని భయంగా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

శ్రీకాకుళం_చిన్ని:
అన్నా, ముందు ఒకటి చూడండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాలో లింక్ నొక్కితే అది క్రోమ్‌లో తెరుచుకోదు, ఆ యాప్ లోపలే ఉండే బ్రౌజర్లో తెరుచుకుంటుంది. అందులో మన గూగుల్ లాగిన్ ఉండదు, క్రోమ్‌లో పెట్టుకున్న సెట్టింగులూ ఉండవు. పైన మూడు చుక్కలు నొక్కితే బయటి బ్రౌజర్లో తెరిచే ఆప్షన్ ఉంటుంది, గ్రూపులో ఎవరితోనైనా అలా తెరిపించి చూడండి. వీడియో ఆడకపోవడం, సైన్ ఇన్ అడగడం, యూట్యూబ్ యాప్‌కి పోకుండా వెబ్ పేజీలోనే ఆగిపోవడం లాంటివాటికి చాలాసార్లు కారణం ఇదే.

అయితే పేకాట పేజీ రావడం మాత్రం ఈ కోవలోది కాదనిపిస్తోంది. యాప్ బ్రౌజర్ వీడియోను ఆపగలదేమో కానీ దానంతట అది కొత్త సైటు తెచ్చిపెట్టదు.

గుంటూరు_మిర్చిరైతు:
మాకు వేరే రకం ఇబ్బంది వచ్చేది, ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నా. మా రైతుల గ్రూపులో తామర పురుగు గురించిన వీడియో లింక్ పంపితే కొందరికి తెరుచుకునేది, కొందరికి "ఈ వీడియో అందుబాటులో లేదు" అని వచ్చేది. చూస్తే పంపినాయన లింక్ చివర ఖాళీ వదలకుండా "లో చూడండి" అని అతికించి రాశాడు. కొన్ని యాప్‌లు ఆ "లో"ని కూడా లింకులో భాగం అనుకుని కలిపేసుకుంటాయి. యూట్యూబ్ వీడియో ఐడీలో 11 అక్షరాలుంటాయి, ఇంగ్లీషు పెద్దబడి చిన్నబడి తేడా కూడా లెక్కే, ఒక్కటి ఎక్కువైనా తగ్గినా, పెద్దక్షరం చిన్నదైనా వీడియో దొరకదు. అందుకే ఇప్పుడు మా గ్రూపులో లింక్ ఎప్పుడూ విడిగా ఒక లైన్లో వేయమంటాం. పోస్టులో పొడవైన లింక్ మధ్యలో తెగి చుక్కలతో కనిపిస్తుంది కదా, ఆ కనిపించే ముక్కను చూసి టైప్ చేసినా ఇదే గోల. లింక్ మీద వేలు నొక్కి పట్టుకుని కాపీ చేసుకోవాలి.

కూకట్‌పల్లి_టెస్టర్:
పద్యాలఅభిమాని గారూ, మీరు రాసిన దాంట్లో అసలు సంగతి ఉంది. నేరుగా టైప్ చేస్తే సరిగా రావడం, ఫేస్‌బుక్ నుంచి వస్తే దారి తప్పడం, అదీ ఫోన్లో మాత్రమే. ఇది సైటు హ్యాక్ అయినప్పటి లక్షణం, దాదాపు కచ్చితంగా చెప్పగలను.

ఎలాగంటే, మీరు లింక్ నొక్కినప్పుడు బ్రౌజర్ మీ సైటుకు రెండు సంగతులు చెబుతుంది. ఎక్కడి నుంచి వస్తున్నారు అనేది ఒకటి, దీన్ని రిఫరర్ అంటారు. ఏ ఫోను, ఏ బ్రౌజరు అనేది రెండోది, ఇది యూజర్ ఏజెంట్. హ్యాకర్ మీ సైటులో పెట్టే కోడ్ ఈ రెండింటినీ చూసి, ఫేస్‌బుక్ నుంచో గూగుల్ నుంచో ఫోన్లో వచ్చినవాళ్లనే బయటికి పంపుతుంది. నేరుగా టైప్ చేసినవాళ్లను, అడ్మిన్‌గా లాగిన్ అయినవాళ్లను ముట్టుకోదు. కొన్ని రకాలైతే ఒకసారి పంపాక కుకీ (బ్రౌజర్లో వదిలే చిన్న గుర్తు) పెట్టి, అదే మనిషి రెండోసారి వస్తే అసలు పేజీనే చూపిస్తాయి. ఎందుకంటే ఫిర్యాదు చేసిన మనిషి మళ్లీ నొక్కి చూసి "ఇప్పుడు బాగానే ఉంది" అనుకుంటాడు, సైటు యజమానికి ఎప్పటికీ కనిపించదు. హోస్టింగ్ వాళ్లు కూడా మీలాగే నేరుగా తెరిచి చూసి ఉంటారు, అందుకే ఏమీ కనిపించలేదు. మీ వాళ్ల ఫోన్లను అనుమానించకండి, వాళ్లు చెప్పింది నిజం.

పరీక్షించే పద్ధతి: సైటులో ఎప్పుడూ లాగిన్ కాని ఫోన్ తీసుకుని, వైఫై ఆపి మొబైల్ డేటా మీద, ఫేస్‌బుక్ యాప్‌లోంచే నొక్కండి. కంప్యూటర్ మీద అలవాటుంటే కర్ల్ కమాండ్‌కి (బ్రౌజర్ లేకుండా పేజీని తెప్పించే చిన్న ప్రోగ్రాం) రిఫరర్‌గా ఫేస్‌బుక్ అడ్రస్, యూజర్ ఏజెంట్‌గా ఆండ్రాయిడ్ ఫోన్ వివరాలు ఇచ్చి మీ పేజీని అడగండి. సర్వర్ స్థాయిలోనే పంపేస్తుంటే జవాబు హెడర్లలో లొకేషన్ అని కొత్త అడ్రస్ కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ ద్వారా పంపుతుంటే అలా కనిపించదు, పేజీ సోర్స్ వెతకాలి.

డాలస్_లక్ష్మి:
మా ఇంట్లో రోజూ జరిగేది కూడా చెప్తాను. అమ్మ హైదరాబాద్ నుంచి ఏదో ఓటీటీ సినిమా లింక్ పంపుతుంది, ఇక్కడ నొక్కితే సినిమాకి కాకుండా ఆ ఓటీటీ హోమ్ పేజీకి పోతుంది. ఎందుకా అని చూస్తే ఆ సినిమా హక్కులు ఇక్కడ వేరేవాళ్ల దగ్గర ఉంటాయి, లేదా అసలు ఉండవు. లింక్ తప్పు కాదు, దేశాన్ని బట్టి మళ్లిస్తుంది. ఇలాంటిది అనిపిస్తే ఇండియాలో ఉన్నవాళ్లను అదే లింక్ నొక్కి చూడమనండి, అక్కడ తెరుచుకుంటే కారణం అదే. పద్యాలఅభిమాని గారిది మాత్రం ఇది కాదు, ఊళ్లో ఉన్నవాళ్లకే వస్తోంది కదా.

వరంగల్_మొబైల్స్:
నా షాపుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది ఇంకొకటి, "యూట్యూబ్ లింక్ నొక్కితే యాప్ తెరుచుకోకుండా క్రోమ్‌లోకి పోతోంది" అని. ఆండ్రాయిడ్ 12 నుంచి పద్ధతి మారింది. ఒక యాప్, ఒక వెబ్‌సైటు ఒకరివే అని నిర్ధారణ అయితేనో, మనం సెట్టింగ్స్‌లో ఒప్పుకుంటేనో తప్ప లింక్ యాప్‌లోకి పోదు, బ్రౌజర్లో తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో యూట్యూబ్, అందులో ఓపెన్ బై డీఫాల్ట్ అని ఉంటుంది, అక్కడ సపోర్టెడ్ లింక్స్ ఆన్ చేయాలి. కొందరికి యూట్యూబ్ పోలిన వేరే యాప్ ఈ లింకులను పట్టేసుకుని ఉంటుంది, దాంట్లోకి వెళ్లి ఇదే ఆప్షన్ ఆఫ్ చేస్తే సరిపోతుంది. ఐఫోన్‌లో లింక్ మీద వేలు నొక్కి పట్టుకుంటే యాప్‌లో తెరిచే ఆప్షన్ వస్తుంది.

పాత లింకులకు మరో కారణం ఉంది. ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ అని గూగుల్ సర్వీసు ఒకటి ఉండేది, యాప్ ఉంటే యాప్‌లోకి, లేకపోతే వెబ్‌లోకి పంపేది. 2025 ఆగస్టు 25న దాన్ని ఆపేశారు. దాంతో చేసిన పాత షేర్ లింకులు ఇప్పుడు పనిచేయవు, ఫోన్లో ఎన్ని సెట్టింగ్స్ మార్చినా లాభం లేదు.

ఒంగోలు_సుజాత:
మా నాన్నగారు ఇలాగే భజన వీడియో అని నొక్కితే ఒక పేజీ వచ్చి, "మీరు రోబో కాదని తెలపడానికి అలౌ నొక్కండి" అంది, ఆయన నొక్కారు. అప్పటి నుంచి ఫోన్ నిండా బూతు ప్రకటనలు, "మీ ఫోన్లో వైరస్ ఉంది" అని హెచ్చరికలు. ఆయన సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, ఫోన్ పక్కన పడేశారు. అది వైరస్ కాదు, ఆ సైటుకు నోటిఫికేషన్ పంపే అనుమతి ఇచ్చారంతే. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని పేర్లన్నీ తీసేస్తే ఆగిపోయింది. పెద్దవాళ్లను దయచేసి కోప్పడకండి, కోప్పడితే ఈసారి అసలు చెప్పరు, ఆలోపు జరగాల్సింది జరిగిపోతుంది.

ఏపీకే ఫైల్ (ఆండ్రాయిడ్ యాప్ ఫైల్) దిగి దాన్ని ఇన్‌స్టాల్ కూడా చేసి ఉంటే మాత్రం వేరే సంగతి. వెంటనే నెట్ ఆపాలి, ఆ యాప్ తీసేయాలి. తీయనివ్వకపోతే యాక్సెసిబిలిటీలో, డివైస్ అడ్మిన్ యాప్స్‌లో దానికి అనుమతి ఉందేమో చూసి ముందు అది ఆపాలి. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

పద్యాలఅభిమాని_తెనాలి:
కూకట్‌పల్లి_టెస్టర్ గారూ, మీరు చెప్పినట్టే మా పిన్ని ఫోన్లో మొబైల్ డేటా మీద ఫేస్‌బుక్ నుంచి నొక్కాను, పేకాట పేజీ వచ్చింది. మళ్లీ నొక్కితే మా వీడియో వచ్చింది! కుకీ గురించి మీరు చెప్పకపోయి ఉంటే నేనూ అక్కడే ఆగిపోయేవాణ్ణి. సుజాత గారు రాసింది గ్రూపులో యథాతథంగా పెట్టాను, చాలామంది ఫోన్లు చూపించుకుంటున్నారు. సైటు తాత్కాలికంగా ఆపేసి, ప్రస్తుతానికి యూట్యూబ్ లింకులే నేరుగా ఇస్తున్నాం. ఇప్పుడు ఎక్కడ వెతకాలి?

కూకట్‌పల్లి_టెస్టర్:
ఆపడం మంచి పని. వెతికే వరస ఇది. మొదట సైటు మూల ఫోల్డర్లో హెచ్‌టీయాక్సెస్ ఫైల్ (సర్వర్‌కు నియమాలు చెప్పేది), అందులో రిఫరర్ అనే మాట పక్కన ఫేస్‌బుక్, గూగుల్ పేర్లు ఉంటే అదే. తర్వాత డబ్ల్యూపీ కంటెంట్ లోపల ఎంయూ ప్లగిన్స్ అనే ఫోల్డర్. ప్లగిన్లంటే సైటుకు అదనంగా తగిలించే ప్రోగ్రాంలు, ఇందులోవి మామూలు ప్లగిన్ల లిస్టులో కలిసి కనిపించవు, డాష్‌బోర్డ్‌లో ఆపలేరు, వాటంతట అవే నడుస్తాయి, అందుకే హ్యాకర్లకు ఇష్టమైన చోటు. హోస్టింగ్ వాళ్లు కూడా అందులో ఫైల్ పెడుతుంటారు కాబట్టి అడగకుండా తీసేయకండి. ఆ తర్వాత థీమ్‌లో ఫంక్షన్స్, హెడర్ ఫైళ్లు. చివరగా యూజర్ల పట్టికను నేరుగా డేటాబేస్‌లో చూడండి, డాష్‌బోర్డ్‌లో కనిపించని అడ్మిన్ అక్కడ దొరకొచ్చు.

బయటి నుంచి తెచ్చుకున్న స్క్రిప్టులు కూడా వదలొద్దు. పాలీఫిల్ డాట్ ఐఓ గుర్తుందా? ఎన్నో సైట్లు ఏళ్ల తరబడి నమ్మి వాడుకున్న స్క్రిప్ట్ అది. 2024లో ఆ డొమైన్ చేతులు మారింది, జూన్‌లో చూస్తే ఫోన్లో వచ్చేవాళ్లను బెట్టింగ్ సైటుకు పంపుతోందని బయటపడింది, లక్షకు పైగా సైట్లు దాన్ని వాడుతున్నాయి అప్పటికి. అదీ కొన్ని ఫోన్లకే, కొన్ని వేళల్లోనే, అడ్మిన్ అని పసిగడితే ఊరుకునేది. ఆ సైట్ల యజమానులు తమ సర్వర్లో ఎంత వెతికినా ఏమీ దొరికేది కాదు, కోడ్ ఉన్నది వాళ్ల దగ్గర కాదు కదా.

విశాఖ_వెబ్‌పని:
ఒక్క మాట కలుపుతా. ఫైల్ ఒకటి దొరికింది కదా అని తీసేసి వదిలేస్తే తిరిగి వస్తుంది, వచ్చిన తలుపు తెరిచే ఉంటుంది. వర్డ్‌ప్రెస్ అసలు ఫైళ్లన్నీ కొత్తగా దింపి పెట్టండి, ప్లగిన్లూ అంతే. ఉచితంగా దొరికిందని ఎక్కడినుంచో తెచ్చిన ప్రీమియం థీమ్ ఉంటే తీసి పారేయండి, చాలా సైట్లకు రోగం అక్కడినుంచే వస్తుంది. హోస్టింగ్, డేటాబేస్, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు అన్నీ మార్చి, కాన్ఫిగ్ ఫైల్లో సాల్ట్ కీలు (లాగిన్లను కాపాడే రహస్య అక్షరాల వరసలు) కూడా మార్చండి, అప్పుడు ఇప్పటికే లోపల ఉన్నవాళ్ల లాగిన్లు కూడా చెల్లకుండా పోతాయి.

పద్యాలఅభిమాని_తెనాలి:
దొరికింది. హెచ్‌టీయాక్సెస్ బాగానే ఉంది, ఎంయూ ప్లగిన్స్‌లో ఒక ఫైల్ ఉంది, హోస్టింగ్ వాళ్లను అడిగితే అది తమది కాదన్నారు. అర్థం కాని పొడుగాటి అక్షరాల వరస, దాని కింద ఫేస్‌బుక్, గూగుల్ పేర్లు. డేటాబేస్‌లో మేం పెట్టని అడ్మిన్ కూడా ఉన్నాడు. చాలాకాలంగా అప్‌డేట్ లేని ఒక గ్యాలరీ ప్లగిన్ ఉంది, దాంట్లోంచే వచ్చాడని విశాఖ తమ్ముడి అంచనా. అన్నీ తీసి, కొత్తగా పెట్టి, పాస్‌వర్డ్‌లు, కీలు మార్చాం. వేర్వేరు ఊళ్లలో వేర్వేరు ఫోన్ల మీద ఫేస్‌బుక్ నుంచి నొక్కించి చూశాం, మొదటిసారి నొక్కినవాళ్లకు కూడా వీడియోనే వస్తోంది.

ఒక్కటి మిగిలింది. గ్రూపులో కొత్తగా లింక్ వేస్తే బొమ్మ, శీర్షిక మాత్రం ఆ పేకాట పేజీవే కనిపిస్తున్నాయి. ఇంకా ఏమైనా మిగిలి ఉందంటారా?

శ్రీకాకుళం_చిన్ని:
అన్నా, ఫేస్‌బుక్ ఒకసారి తీసుకున్న ప్రివ్యూని దాచుకుంటుంది, పేజీ మారిన వెంటనే మార్చదు. షేరింగ్ డీబగ్గర్ అని వాళ్లదే ఒక పేజీ ఉంది, అందులో మీ లింక్ పెట్టి స్క్రేప్ అగైన్ నొక్కండి. మధ్యలో ఏమైనా దారి మళ్లింపు ఉంటే ఆ వరస కూడా అక్కడ చూపిస్తుంది కాబట్టి అదొక పరీక్ష అనుకోండి. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే పేజీ) సెక్యూరిటీ ఇష్యూస్ కూడా చూడండి, అక్కడ హెచ్చరిక ఉంటే శుభ్రం చేశామని రివ్యూ అడగాలి, లేకపోతే క్రోమ్‌లో ఎర్ర పేజీ అడ్డం వస్తూనే ఉంటుంది.

పద్యాలఅభిమాని_తెనాలి:
స్క్రేప్ చేశాక మా హార్మోనిస్టు గారి ఫొటోనే వచ్చింది. మళ్లింపు వరసలో మా అడ్రస్ తప్ప ఇంకేమీ లేదు. సెర్చ్ కన్సోల్‌లో హెచ్చరిక ఉంది, రివ్యూ పెట్టాను, అది తేలేదాకా గ్రూపులో యూట్యూబ్ లింకులే వేస్తాం. లింక్ విడి లైన్లో వేయాలన్న మిర్చిరైతు గారి మాట కూడా ఇవాళ్టి నుంచే పాటిస్తున్నాం.