జీలకర్ర బెల్లం ఫోటో చేజారింది. ఈ పనిలో ఉండాలా, మానేయాలా?

కొల్లిపర కెమెరా (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 28 ఏళ్లు. ఊరు తెనాలి దగ్గర. నాలుగేళ్లుగా గుంటూరు, బాపట్ల వైపు పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తున్నాను. మొదటి రెండేళ్లు ఒక స్టూడియోలో పనిచేశాను. ఆ తర్వాత అప్పు చేసి కెమెరా కొనుక్కుని సొంతంగా మొదలుపెట్టాను.

ఈ వైశాఖంలో 19 రోజుల్లో 11 పెళ్లిళ్లు ఒప్పుకున్నాను. ఆషాఢమంతా ఎలాగూ ఖాళీయే కదా అని వచ్చినవాటిని వచ్చినట్లు తీసుకున్నాను. తొమ్మిదో పెళ్లి ముహూర్తం రాత్రి 2 గంటల 41 నిమిషాలకు. ముందు రాత్రి ఒంగోలులో పని ముగించుకుని తెల్లవారుజామున బస్సెక్కాను. ఇంటికి వచ్చి రెండు గంటలైనా పడుకోకుండా మళ్లీ మండపానికి వెళ్లాను. గట్టిమేళం మోగేసరికి పెళ్లికూతురి పెదనాన్నగారు నాకు అడ్డం వచ్చారు. నేను పక్కకు జరిగేలోపు తెర దిగిపోయింది. నాలుగు ఫోటోలు దక్కాయి. మూడింటిలో పెళ్లికొడుకు మోచెయ్యి అమ్మాయి ముఖానికి అడ్డం. నాలుగోదానిలో ఫోకస్ పురోహితుల భుజం మీద పడింది.

ఆల్బంకు ఫోటోలు ఎంచుకోవడానికి వాళ్లింటికి వెళ్లాను. పెళ్లికూతురి అమ్మగారు కంప్యూటర్లో అన్నీ చూసి, మళ్లీ వెనక్కి తిప్పించి, "ఆ ఫోటో ఏది నాయనా?" అని అడిగారు. కోప్పడి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆవిడ నాకు కాఫీ ఇచ్చి పంపారు. అప్పటినుంచి పడుకుంటే ఆ మాటే వినిపిస్తోంది.

ఇంట్లో ఎనిమిది నెలల పాప ఉంది. పెళ్లిళ్ల రోజుల్లో నన్ను చూడక, చేతులు చాపితే ఏడ్చి వాళ్లమ్మ మెడ పట్టుకుంటోంది. నడుము నొప్పి వేరే. మా బావగారు గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాసే ఉద్యోగం ఉందని, నెలకు 22 వేలు ఇస్తారని చెబుతున్నారు. ఫోటోలు తీయడం నాకు ప్రాణం. కానీ ఈ బతుకు ఇలాగే ఉంటుందంటే నావల్ల కాదు.

రెండు విషయాలు అడుగుతున్నాను. ఆ క్షణం తప్పిపోకుండా మీరు ఎలా తీస్తారు? ఈ పని చేస్తూ ఇంట్లో మనిషిలా ఎలా ఉంటారు?


గోదావరి గట్టు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నేను రాజమహేంద్రవరంలో 1998 నుంచి ఇదే పనిలో ఉన్నాను. ఆ తల్లి అడిగిన ప్రశ్న నన్ను కూడా అడిగారు, 2003లో. అప్పట్లో పెళ్లికి ఆరు రీళ్లు తీసుకెళ్లేవాళ్లం. రీలుకు 36 చొప్పున మొత్తం 216 ఫోటోలు. మూడో రీలు కెమెరాలో పళ్లకు పట్టుకోలేదు. నేను నొక్కుతున్నాను, అంకె మారుతోంది, లోపల ఫిల్ము మాత్రం కదలడం లేదు. జీలకర్ర బెల్లం, మంగళసూత్రం, తలంబ్రాలు మూడూ ఆ రీలులోనే. లాబ్‌లో కడిగితే ఖాళీగా వచ్చింది. ఆ రోజు నుంచి రీలు వేసిన ప్రతిసారీ, దాన్ని వెనక్కి చుట్టే పిడి తిరుగుతోందో లేదో వేలితో ముట్టుకుని చూసేవాడిని. ఇప్పుడు రీళ్లు లేకపోయినా ముహూర్తానికి ముందు కార్డు, బ్యాటరీ మార్చి, ఒక ఫోటో తీసి కెమెరా తెర మీద చూసుకుంటాను. కెమెరాలో రెండు కార్డులు పెట్టే చోటు ఉంటే రెండింటిలోనూ ఒకేసారి పడేలా పెట్టు.

ఇక నువ్వు అడిగిన క్షణం. అది కంటికంటే ముందు చెవికి తెలుస్తుంది. సన్నాయి, డోలు వాళ్లు ముహూర్తానికి అయిదు నిమిషాల ముందు నుంచి పురోహితుల చేతినే చూస్తుంటారు. ఆయన చెయ్యి లేపితే గట్టిమేళం. డోలు ఆయన పుల్ల పైకెత్తి పట్టుకున్నాడంటే నీకు ఇంకా రెండు మూడు సెకన్లు ఉన్నట్లే. నేను మండపానికి వెళ్లగానే మొదట పలకరించేది మేళం వాళ్లనే. వాళ్లు ఎక్కడ కూర్చుంటే నాకు కనిపిస్తారో అక్కడ కూర్చోమని అడుగుతాను. పాతికేళ్లలో కాదన్నవాళ్లు లేరు.

తర్వాత పురోహితుల దగ్గరికి వెళ్లి కూర్చుని మూడు అడుగుతాను. జీలకర్ర బెల్లం తెర ఉండగానే పెట్టిస్తారా, తీశాక పెట్టిస్తారా? తెర కిందికి దించుతారా, పక్కకు లాగుతారా? ఎవరు పట్టుకుంటారు? ఒక్కొక్కరి పద్ధతి ఒక్కో రకం. తెర పట్టుకునే ఇద్దరినీ ముందే చూసుకుని, "బాబూ, దించాక చేతులు కిందే ఉంచండి, ఒక్క నిమిషం అలాగే ఉండండి" అని చెప్పు. చాలా మంది తెర తీయగానే దాన్ని మడత పెట్టడం మొదలుపెడతారు. ఆ గుడ్డే ఫోటోకు అడ్డం పడుతుంది.

నిలబడే చోటు తెరకు సరిగ్గా ఎదురుగా, ఇద్దరి ముఖాలు పక్కనుంచి కనిపించేలా ఉండాలి. అయితే పెళ్లికొడుకు కుడిచెయ్యి అమ్మాయి తల మీదికి వెళ్లినప్పుడు మోచెయ్యి పైకి లేస్తుంది. నీకు జరిగింది అదే. అందుకని నువ్వు రెండడుగులు పెళ్లికొడుకు వెనక వైపుకు, అతని ఎడమ భుజం పక్కకు జరగాలి. అక్కడినుంచి అమ్మాయి కళ్లు, తమలపాకు, ఆమె తల మీద అతని వేళ్లు మూడూ కనిపిస్తాయి. మోకాళ్ల మీద కూర్చుంటే పెదనాన్నలు, బాబాయిలు నీ తల మీదుగా చూస్తారు, నీకు అడ్డం రారు. రెండో కెమెరాకు చుట్టుపక్కలంతా పట్టే 35 ఎంఎం లెన్సు వేసి ఒళ్లో పెట్టుకుంటాను. చేతిలో ముఖాలను దగ్గరగా చూపే 85. తెర దిగిన మొదటి చూపు 85తో, ఆ వెంటనే అక్షింతలు పడుతున్నప్పుడు 35తో. షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వను. తలంబ్రాలప్పుడు బియ్యపు గింజలు గాలిలో విడివిడిగా కనిపించాలంటే 1/500 కావాలి. మొదటి మూడుసార్లు మంత్రంతో నెమ్మదిగా పోస్తారు, ఆ తర్వాత పోటీ. నవ్వులన్నీ ఆ పోటీలోనే ఉంటాయి. అప్పుడు తల దించి కెమెరాలో వెనకటి ఫోటోలు చూసుకోకు.

ఇంకో మాట. జీలకర్ర బెల్లం ముద్ద పెట్టుకున్నాక చెయ్యి తీయకూడదు కదా. మంత్రం నడుస్తున్నంతసేపు చేతులు అలాగే ఉంటాయి. అందరూ తెర దిగగానే పని అయిపోయిందనుకుంటారు. నేను అక్కడే ఉంటాను. అర నిమిషం గడిచాక అమ్మాయి చెయ్యి కొంచెం వణుకుతుంది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఊపిరి వదులుతారు. నా గోడ మీద ఉన్న ఫోటోలన్నీ ఆ అర నిమిషం తర్వాతివే.

ఇవన్నీ చేయాలంటే మనిషికి నిద్ర ఉండాలి. నీకు పని రాకపోవడం కాదు, తొమ్మిదో పెళ్లికి నిద్రలేక నువ్వు మండపంలో ఉండీ లేవు.

నా పద్ధతి చెబుతాను. ఉగాదికి పంచాంగం రాగానే మా ఆవిడ, నేను కూర్చుంటాం. ముహూర్తాల రోజులకు పెన్సిల్‌తో సున్నా చుడతాం. అందులో పిల్లల పరీక్షలు, మా అమ్మ తద్దినం, పుట్టినరోజులు ముందు రాస్తాం. మిగిలినవాటిలోంచే పెళ్లిళ్లు. ఏడాదికి 24 దాటను. రాత్రి ముహూర్తం చేస్తే మర్నాడు ఎంత ఇస్తామన్నా ఒప్పుకోను. ఇది అడ్వాన్సు తీసుకునేటప్పుడే చెబుతాను. భోజనం కూడా ఒప్పందంలోనే ఉంటుంది. ముహూర్తానికి రెండు గంటల ముందు మాకు ఆకు వేయాలి. ఫోటోగ్రాఫరు చివరి పంక్తిలో తినడం ఆనవాయితీగా మారింది, దాన్ని నేను మా ఊళ్లో మానిపించాను.

డబ్బు గురించి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ అని అందరికీ తెలుసు. మూఢం సంగతి మాత్రం మరిచిపోతాం. 2024లో వేసవి సెలవులే పెళ్లిళ్ల కాలం అనుకుంటే మే, జూన్ నెలల్లో మూఢం వల్ల ముహూర్తాలే లేవు. ఆ రెండు నెలలూ కెమెరాలు అమ్ముకున్నవాళ్లను చూశాను. ప్రతి పెళ్లి డబ్బులోనూ పదింట మూడు వంతులు వేరే ఖాతాలో వేస్తాను. దాని పేరే మా ఇంట్లో మూఢం ఖాతా. ఆ రెండు నెలలూ మేం దానితోనే తిన్నాం. కెమెరా అప్పు ఉన్నంతకాలం నీకు మూడు వంతులు కష్టమే, ఒక వంతుతో మొదలుపెట్టు.

ఆ ఉద్యోగం వద్దని నేను అనను. పాప చిన్నది. కానీ నిద్రలేని తొమ్మిదో రాత్రిని చూసి నాలుగేళ్ల పనికి వెల కట్టకు.


ఓరుగల్లు వెలుగు

నేను హనుమకొండలో ఉంటాను. తొమ్మిదేళ్లుగా పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. మా వైపు పగటి ముహూర్తాలు ఎక్కువ కాబట్టి నిద్ర సమస్య కొంత తక్కువే. గోదావరి గట్టు గారు చెప్పినవన్నీ నిజం, ఒక్కచోట మాత్రం నా లెక్క వేరు. పెళ్లిళ్లను రోజుల్లో లెక్కపెడితే సరిపోదు. ఒక పెళ్లి తీస్తే నాకు కంప్యూటర్ ముందు మూడు రోజుల పని. పదకొండు పెళ్లిళ్లంటే 33 రోజులు. మీరు ఆషాఢం ఖాళీ అనుకున్నారు, అది అప్పుడే అమ్ముడుపోయింది. పాపతో గడపాల్సిన నెల ఆల్బంలకు పోతోంది. నేను ఏడాదికి 14 పెళ్లిళ్లే చేస్తాను. మిగతా రోజుల్లో పసిపిల్లల ఫోటోలు, బారసాలలు. అవి పగలు, మా ఊళ్లోనే, రెండు మూడు గంటల్లో అయిపోతాయి. మీ చుట్టుపక్కల కూడా ఆ పని దొరుకుతుంది.

వెలుతురు గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. ఇప్పుడు మండపాలన్నీ ఎల్‌ఈడీ దీపాలే. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. షట్టర్ వేగం పెంచితే ఫోటోలో అడ్డ చారలు పడతాయి. అలాంటి చోట 1/100 పెట్టి చూడండి, చాలావరకు పోతాయి. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే చారలు ఇంకా ఎక్కువగా పడతాయి, మామూలు షట్టరే మేలు. ఊదా, నీలం రంగు దీపాలు వేస్తే పసుపు రాసిన ముఖాలు బూడిద రంగులోకి మారతాయి. మంగళసూత్రం అయ్యేదాకా తెల్ల దీపాలే ఉంచమని ముందురోజే అలంకరణ వాళ్లను అడుగుతాను. పెళ్లికూతురి అమ్మతో చెప్పిస్తే వెంటనే వింటారు.

ఆ అమ్మగారికి మీరు చేయగలిగింది ఒకటి ఉంది. వీడియో తీసినవాళ్లను అడగండి. 4కేలో తీసి ఉంటే ఒక్కో ఫ్రేము 80 లక్షల పిక్సెళ్లకు పైనే ఉంటుంది. తెర దిగిన ఫ్రేము తీసి, రంగు సరిచేసి 8 అంగుళాలు, 12 అంగుళాల కాగితం మీద వేయించండి. బాగానే వస్తుంది.


కాకినాడ అమ్మ

నేను ఫోటోగ్రాఫర్‌ను కాను. నా పెళ్లి 1996లో అన్నవరం కొండ మీద జరిగింది. ఆల్బంలో జీలకర్ర బెల్లం ఫోటో చక్కగానే ఉంది, నిజం చెప్పాలంటే దాన్ని నేను పెద్దగా చూడను. వడ్డన పంక్తి ఫోటో ఒకటి ఉంది. అందులో మా నాన్న ఒక మూల, తువ్వాలు నడుముకు బిగించి, పులిహోర గంప చంకన పెట్టుకుని, ఎవరినో పిలుస్తూ ఉన్నారు. ముఖం సగమే పడింది. ఆయన పోయి పదిహేనేళ్లు. ఆ గంప పట్టుకున్న తీరు చూస్తే మా నాన్న ఇప్పుడే "అమ్మాయ్, తిన్నావా" అని అడుగుతారనిపిస్తుంది.

బాబూ, ముహూర్తం అయ్యాక ఒక్క పావుగంట వంటశాల దగ్గరికి, భోజనాల దగ్గరికి వెళ్లు. అమ్మాయి తండ్రి అక్కడే ఉంటాడు. ఆల్బంలో మామూలుగా ఆయన కాళ్లు కడిగేటప్పుడు, అప్పగింతలప్పుడు మాత్రమే కనిపిస్తాడు.


కొల్లిపర కెమెరా

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నాను, శ్రావణం మొదలై పది రోజులైంది.

వీడియోలో ఆ ఫ్రేము దొరికింది, ఓరుగల్లు అక్కా. కొంచెం మసకగా ఉన్నా అమ్మాయి కళ్లు స్పష్టంగా ఉన్నాయి. ఫ్రేము కట్టించి తీసుకెళ్లి ఇచ్చాను. అమ్మగారు చాలాసేపు చూశారు. డబ్బు ఎంతని అడిగారు, తీసుకోలేదు.

కోల్డ్ స్టోరేజీ ఉద్యోగానికి వచ్చే సంక్రాంతి దాకా ఆగమని బావగారికి చెప్పాను. శ్రావణంలో ఎనిమిది పెళ్లిళ్లు అడిగారు, నాలుగు ఒప్పుకున్నాను. వద్దన్న నాలుగింటిలో ఒకదాన్ని వదులుకోవడం చాలా కష్టమైంది, దగ్గరి బంధువులది.

మొన్న రేపల్లెలో పెళ్లి. ముహూర్తం తెల్లవారుజామున 4 గంటల 8 నిమిషాలకు. సాయంత్రం నాలుగింటి దాకా ఇంట్లో పడుకుని వెళ్లాను. డోలు ఆయనను, పురోహితులను ముందే కలిశాను. అన్నగారూ, మీరు చెప్పినట్లే పెళ్లికొడుకు ఎడమ భుజం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. తెర దిగింది, తీశాను. మేళం ఆగింది, అందరూ వెనక్కి జరిగారు. నేను కదలలేదు. అమ్మాయి చెయ్యి వణికింది. పెళ్లికొడుకు తన రెండో చేతిని పైకి తెచ్చి ఆమె మోచేతి కింద ఆనించాడు, ఎవరూ చెప్పకుండానే. పురోహితులు మంత్రం ఆపకుండా నవ్వారు. ముగ్గురూ ఒకే ఫోటోలో ఉన్నారు.

తర్వాత వంటశాల వైపు వెళ్లాను, కాకినాడ అమ్మగారూ. తండ్రిగారు గుండిగ దగ్గర నిలబడి చేతిలో పెరుగు పోసుకుని రుచి చూస్తున్నారు. ఆయన నన్ను చూడలేదు.