వంటింట్లో 170, హాల్లో 290 వోల్టులు: స్టెబిలైజరా, న్యూట్రలా?

పైపోర్షన్: అద్దె ఇల్లు, త్రీఫేజ్ మీటరు. ఫ్రిజ్ ఆన్ అయితే వంటింట్లో లైటు గుడ్డిదవుతోంది, హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. టీవీ కాలింది. ఓనరు గారు స్టెబిలైజర్ కొనుక్కోమంటున్నారు.

పాతవైర్‌మన్: ఒకచోట తగ్గి ఇంకోచోట పెరిగితే అది న్యూట్రల్ జబ్బే, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరుది. న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉన్న 415 వోల్టులు మీ సామాన్ల మధ్యే పంచుకుంటాయి. తక్కువ లోడు ఉన్న వైపుకి ఎక్కువ వోల్టేజీ పోతుంది. మెయిన్ ఆపేసి లైన్‌మన్‌ని పిలవండి.

బాబాయ్‌99: 415 కాదు, 440.

శాంతమూర్తి: లైన్‌మన్ వచ్చేసరికి తెల్లారుతుంది. బోర్డులో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేయండి, అయిపోతుంది. మా ఇళ్లల్లో ఏళ్ల తరబడి అలాగే నడుస్తోంది.

పాతవైర్‌మన్: అయ్యా, మనుషుల్ని చంపే సలహా ఇది. ఎర్త్‌పిట్, అంటే ఎర్త్ వైరుని భూమిలో కలిపే గొయ్యి, దాని రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. 2 కిలోవాట్ల గీజర్ వేస్తే ఆ పిట్ మీద సుమారు 60 వోల్టులు నిలుస్తాయి. ఫ్రిజ్ తలుపు, వాషింగ్ మెషిన్ డబ్బా, అన్నీ ఆ ఎర్త్ వైరుకే కదా ఉన్నాయి? తడి చేత్తో ముట్టుకుంటే? ఎండాకాలం పిట్‌లో నీళ్లు పోసే దిక్కు లేకపోతే ఇంకా ఎక్కువ.

బాబాయ్‌99: మా ఊళ్లో అందరూ 440 అనే అంటారు.

శాంతమూర్తి: పుస్తకాలు మేమూ చదివాం. సర్వీసు వైరు మార్చాలంటే ఎవడి జేబులోంచి? అద్దెకున్నవాళ్లు రెండు ఏసీలు, ఇండక్షన్ స్టవ్ పెట్టి వైరు కాల్చేస్తారు, చివరికి ఓనరు దొంగ!

పైపోర్షన్: మా ఇంట్లో ఏసీయే లేదండీ.

గోదారిగట్టు: ఇప్పుడర్థమైంది. శాంతమూర్తి గారూ, ఎన్ని పోర్షన్లు అద్దెకిచ్చారేంటి?

శాంతమూర్తి: అది అనవసరం.

పాతవైర్‌మన్: పైపోర్షన్ గారూ, కరెంటు ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చి నంబరు తీసుకోండి. స్తంభం నుంచి మీటరు దాకా వాళ్లు చూస్తారు. మీటరు తర్వాత అయితే ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్ లింకు (బోర్డులో న్యూట్రల్ వైర్లన్నీ బిగించే పట్టీ) విప్పించండి. స్క్రూ కింద వైరు నల్లబడి, తొడుగు కరిగి ఉంటే రోగం అక్కడే. ఆ పని ఓనరుదే. స్టెబిలైజర్ పెట్టినా ఆ స్క్రూ బిగుసుకోదు.

పైపోర్షన్: మరి టీవీ డబ్బులు ఎవరిస్తారు?

శాంతమూర్తి: అగ్రిమెంటులో రాసుకున్నారా?