టీవీ వాళ్లు డెంగ్యూ మీద బైట్ (వార్తలో వేసే చిన్న మాట) అడిగారు, ఎలా మాట్లాడాలి?

ప్రశ్న: రేపు మా పీహెచ్‌సీకి ఇద్దరు రిపోర్టర్లు వస్తున్నారు. మెడికల్ ఆఫీసర్‌గా కెమెరా ముందు నాకిదే మొదటిసారి. ఏం సిద్ధం చేసుకోవాలి?

జవాబు: ముందు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) ఆఫీసు అనుమతి తీసుకోండి డాక్టర్ గారూ. లైవా, రికార్డింగా అన్నది రిపోర్టర్‌నే అడగండి. పది నిమిషాలు మాట్లాడినా వార్తలో పడేది 15, 20 సెకన్లే. ఏ వాక్యం విడిగా కోసినా అర్థం చెడకూడదు. "డెంగ్యూ దోమ పగలు కుడుతుంది. వారానికోసారి తొట్టి నీళ్లు పారబోసి, గోడలు రుద్ది కడగండి" అంటే చాలు. దోమల నివారణని "వెక్టర్ కంట్రోల్" అంటే ఎవరికీ ఎక్కదు.

జవాబు: అసలు చిక్కు "మరణాలు దాస్తున్నారట కదా?" లాంటి ప్రశ్నతోనే. "మేం దాచడం లేదు" అన్నారో, స్క్రోలింగ్‌లో ఆ 'దాచడం' మాటే పడుతుంది. దాన్ని తిరిగి పలకకండి. "ఎలైజా రక్త పరీక్షలో డెంగ్యూ అని తేలిన మరణాలు ఈ తేదీ వరకు ఇన్ని" అని కాగితం చూసి చెప్పండి. అంకె చేతిలో లేకపోతే "సాయంత్రం 5కి ఇస్తాను" అనండి, తప్పకుండా ఇవ్వండి. పేషెంట్ల పేర్లు మాత్రం వద్దే వద్దు.

జవాబు: సన్న గీతల చొక్కా వేసుకోకండి, తెర మీద అలలు కదిలినట్టు కనిపిస్తుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టాలి. మైకు తీసేదాకా పక్కవాళ్లతో ఏమీ అనకండి, అదీ రికార్డవుతుంది. ఫ్యాను ఆపించండి, హోరుకి మీ మాట వినపడదు.