వన్యప్రాణుల మీద వేడి ప్రభావం తెలుసుకోవడానికి కాలిక్యులస్ నిజంగా అవసరమా?

పిట్టల పిచ్చి:
వాతావరణ మార్పు అర్థం కావాలంటే కాలిక్యులస్, అంటే మార్పుల వేగాన్నీ పోగుపడే మొత్తాన్నీ లెక్కగట్టే గణితం, రావాల్సిందేనని ఈమధ్య తరచూ వింటున్నాను. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావడం లేదు. ఏళ్ల తరబడి పక్షుల్ని లెక్కపెడుతున్నాను, ఇంతవరకూ అరపిట్ట ఎక్కడా కనబడలేదు. ప్రాణులు ఒకటి, రెండు, మూడు అని ఉంటాయి. మీ గ్రాఫులేమో నున్నగా జారిపోతుంటాయి. ఓపిగ్గా తిరిగి లెక్కపెట్టడం, కాస్త స్టాటిస్టిక్స్, ఇవి చాలు. డెరివేటివ్‌లు, అదే మార్పు వేగం లెక్కలు, పరీక్షల కోసం. కాదంటారా?

లెక్కల మాస్టారు:
కాదంటాను. ముందు గాలి సంగతి చూడండి. హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాల్లో సుమారు 315 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. పెరిగిందని ఎవరైనా చెబుతారు. కానీ 1960లలో ఏడాదికి ఒక భాగం కూడా పెరగనిది, 2010లకు వచ్చేసరికి రెండుకు మించి పెరుగుతూ వచ్చింది. అంటే పెరిగే వేగమే పెరిగింది. రెండో డెరివేటివ్ చెప్పేది ఇదే.

అసలు విషయం సముద్రంలో బతికే పగడాల దగ్గర ఉంది. నీళ్లు మరీ వేడెక్కితే అవి రంగు కోల్పోయి తెల్లబడతాయి. అవి ఎప్పుడు తెల్లబడతాయో ముందే పసిగట్టడానికి అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా ‘డిగ్రీ హీటింగ్ వీక్’ అనే కొలత వాడుతుంది. ఆ చోట మామూలుగా అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు తీసుకుని, దానికంటే కనీసం ఒక డిగ్రీ ఎక్కువైన వేడిని గత 12 వారాలకు కూడుతూ పోతారు. ఒక డిగ్రీ అదనపు వేడి నాలుగు వారాలు ఉన్నా, రెండు డిగ్రీలు రెండు వారాలు ఉన్నా లెక్క 4కే వస్తుంది. 4 దగ్గర పగడాలు చెప్పుకోదగ్గంతగా తెల్లబడే ప్రమాదం ఉంటుంది, 8 దాటితే చావులు మొదలవుతాయి. ఏ రోజుకారోజు థర్మామీటర్ చూస్తే ‘ఒక డిగ్రీయే కదా’ అనిపిస్తుంది. పోగుపడిన వేడి కనబడాలంటే గ్రాఫు కింది వైశాల్యం చూడాలి. అదే ఇంటిగ్రల్.

సందేహాల పుట్ట:
మాస్టారూ, అది ఉత్త కూడికే కదా! ఇంటిగ్రల్ అని పేరు పెట్టగానే గొప్పదైపోతుందా?

లెక్కల మాస్టారు:
కంప్యూటర్ చేసేది కూడికే నాయనా. ఈరోజు ఎంత వేడి అని కాకుండా ఇన్నాళ్లలో ఎంత పోగైంది అని అడగాలని తట్టడమే కాలిక్యులస్.

పిట్టల పిచ్చి:
పగడాల విషయం సరే, ఒప్పుకున్నా. మరి గబ్బిలాలు? 2018 నవంబరులో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ చుట్టుపక్కల ఎండ 42 డిగ్రీలు దాటింది. పండ్లు తిని బతికే కళ్లజోడు గబ్బిలాలు రెండు రోజుల్లో సుమారు 23,000 రాలిపోయాయి. అంతకుముందు వారాల వేడి కూడితే ఏం లాభం? అక్కడున్నది వాలు కాదండీ, మెట్టు. దాటితే చావే.

ఇంకోటి. బ్రాంబుల్ కే అనే బుల్లి దీవిలో మాత్రమే బతికిన ఒక ఎలుక జాతి అంతరించిందని 2019లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ప్రకటించింది. సముద్రం పదేపదే దీవి మీదికి వచ్చి మొక్కల్ని ఊడ్చేసింది. జనాభా తక్కువగా ఉంటే దాదాపు అడ్డు లేకుండా పెరుగుతుందని బెల్జియం గణితవేత్త వెర్హుల్స్ట్ 1838లో సమీకరణం రాశాడు. ఆ ఎలుకలకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

తోకచుక్క:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. పిట్టల పిచ్చి గారూ, మీ మెట్టు నిజమే. కానీ సగటు ఒక్క డిగ్రీ జరిగితే 42 దాటే రోజులు ఎన్ని రెట్లవుతాయో ఎలా చెబుతారు? ఏ ఉష్ణోగ్రత ఎంత తరచుగా వస్తుందో చూపే పంపిణీ గ్రాఫు తీసుకుని దాని కుడి తోక, అంటే బాగా వేడి రోజులుండే కొస, కింది వైశాల్యం కొలవాలి. మళ్లీ ఇంటిగ్రలే! మీరు చాలన్న స్టాటిస్టిక్స్ కూడా దాని మీదే నిలబడింది.

మాస్టారు వదిలేసిన ముక్క ఇంకోటుంది. బల్లుల్లాంటి చాలా చల్లరక్తపు జీవుల చురుకుదనం వేడితోపాటు నెమ్మదిగా పెరిగి, ఒక శిఖరం దాటాక గబుక్కున పడిపోతుంది. శిఖరం దగ్గర గ్రాఫు కిందికి వంగి ఉంటుంది కాబట్టి, సగటు మారకపోయినా హెచ్చుతగ్గులు పెరిగితే చాలు, జీవికి నష్టం. ఇది రెండో డెరివేటివ్ ప్లస్సా మైనస్సా అని చూస్తే తెలుస్తుంది. మీరు ఎన్ని బల్లుల్ని లెక్కపెట్టినా, ఎందుకు తగ్గాయో ఆ అంకె చెప్పదు.

పిట్టల పిచ్చి:
తోక సంగతి బాగుంది, అది నేను ఆలోచించలేదు. ఎలుక సంగతికి మాత్రం ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.