‘ఫీటస్ పాపిరేసియస్’కి లాటిన్ బహువచనం ఏంటి?

కవలల్లో ఒక పిండం కడుపులోనే చనిపోయి, రెండోది పెరిగేకొద్దీ కాగితంలా అణిగిపోతే ‘ఫీటస్ పాపిరేసియస్’ అంటారు కదా. థీసిస్‌లో దీని బహువచనం కావాలి. మొదట ‘ఫీటై’ అని రాశా, గైడ్ కొట్టేశారు. లాటిన్ నిఘంటువు తీస్తే ఫీటస్ నాలుగో వర్గం (పదం చివర మారే తీరును బట్టి చేసిన విభజన) నామవాచకమట. బహువచనంలో చివరి ఉకారం దీర్ఘమవుతుంది, అంతే. రాతలో అదీ కనిపించదు. ‘ఫీటస్ ఇన్ ఫీటు’ (ఒక పిండం లోపల మరో పిండం) అనే పేరులో ‘ఫీటో’ రాకపోవడానికీ కారణం ఇదే. చిక్కంతా ‘పాపిరేసియస్’ అనే విశేషణంతోనే, అది రెండో వర్గం, అందులో బహువచనానికి చివరి ‘అస్’ ‘ఐ’ అవుతుంది. రెండు రోజులు పాత కేస్ రిపోర్టులు వెతికినా తేలలేదు. నామవాచకం ‘ఫీటస్’గానే ఉండి, విశేషణం మాత్రం ‘పాపిరేసియై’ అవుతుందా?